రెండు సీట్ల బండి

ఆదివారం ఉదయం ఏడు గంటలకు లిఫ్టు మెకానిక్ తన సెల్‌ఫోన్ కట్టేసి, బీరువా తెరిచి, దుప్పట్ల మడతల కింద దాన్ని దోపి, బీరువాకి తాళం వేశాడు. అంతటితో ఆగలేదు. తాళంచెవి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు.

"సాయంత్రం దాకా ఇవ్వకు. కాళ్ళు పట్టుకున్నా సరే ఇవ్వకు."

మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేసే ఆ ఇల్లాలు, గడువు తేదీ దాటిన మందుసీసాని చూసినట్టు తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒంట్లో బాగానే ఉందా మీకు?" అంది.

ఆమె అలా అడగడంలో తప్పులేదు. ఆరు ఆదివారాలుగా ఆ కుటుంబం ఊరి బయట సరస్సు చుట్టూ నడవడానికి బయల్దేరుతూనే ఉంది, వెళ్ళడం మాత్రం జరగలేదు. ఒకసారి చెప్పులు వేసుకుంటుండగా ఫోనొచ్చింది. ఇంకోసారి బస్సెక్కి టిక్కెట్లు కూడా తీసుకున్నాక వచ్చింది. ఊళ్ళో ఏదో ఒక మేడలో, అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఎవరో ఒకరు ఇరుక్కునే ఉంటారు. వాళ్ళని బయటికి లాగాలంటే ఇతనే వెళ్ళాలి. పోయిన ఆదివారం అతను పనిముట్ల సంచి భుజాన వేసుకుని గడప దాటుతుంటే, రెండేళ్ళ కూతురు గుమ్మంలో చతికిలబడి తన చెప్పులు తనే విప్పేసుకుంది. ఏడవలేదు. పేచీ పెట్టలేదు. రోజూ చేసే పనిలాగా విప్పి, రెండూ జతచేసి గోడవార పెట్టింది. ఏడ్చినా బాగుండేదనిపించింది అతనికి. వారమంతా ఏ లిఫ్టు గుంతలోకి తొంగిచూసినా అడుగున ఆ చిన్న చెప్పుల జతే కనిపించింది.

అందుకే ఈ ఆదివారం ఆకాశం విరిగి మీద పడ్డా సరే, అయిదు కిలోమీటర్లూ నడిచి తీరాలని పంతం పట్టాడు.

ఆ పిల్లకి పత్రాల్లో చక్కటి పేరే ఉంది గాని, చెయ్యి వదిలితే చాలు తుర్రుమంటుంది కాబట్టి ఇంట్లో అందరూ 'తుర్రు' అనే పిలుస్తారు. అలాంటి పిల్లతో అంత దూరం నడవాలంటే బండి ఉండాల్సిందే. వాళ్ళకీ ఒక బండి ఉండేది. చక్రం కిర్రుమంటోందని ముందురోజు సాయంత్రం మెకానిక్ దాన్ని విప్పి, నూనె పోసి, మళ్ళీ బిగించాడు. బిగించాక ఒక స్క్రూ మిగిలింది. పొద్దున్నకి చక్రం కూడా మిగిలింది.

"దానికేం, పైన పళ్ళ డాక్టరుగారి స్ట్రోలర్ అడిగి తెస్తా" అన్నాడు అధైర్యపడకుండా.

పళ్ళ డాక్టరుగారికి కవలలు. కాబట్టి ఆయన బండికి రెండు సీట్లు, పక్కపక్కన. నిమ్మపండు రంగులో, పెళ్ళిపీటలంత వెడల్పున ఉంది. ఒక సీట్లో తుర్రుని కూర్చోబెట్టారు. రెండో సీట్లో మెకానిక్ అత్తగారి శాలువా, ఆమె పళ్ళసెట్టు డబ్బా, అతని పనిముట్ల సంచి ఎక్కాయి.

"ఆ సంచి ఎందుకండీ? నడకకి కూడా స్క్రూడ్రైవర్లు కావాలా?" అంది భార్య.

"దారిలో అవసరం ఎవరికి చెప్పి వస్తుంది?"

"అవసరం రాదు. ఈ సంచే అవసరాన్ని వెతుక్కుంటూ పోతుంది" అంది అత్తగారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి ఆమె. మూడు మాటల్లో చెప్పేదాన్ని నాలుగు మాటల్లో చెప్పడం ఆమెకి చేతకాదు. చేతికర్ర తాటించుకుంటూ అందరికంటే ముందు గుమ్మం దిగింది.

బస్సు ఆఖరి స్టాపులో దిగేసరికి ఎదురుగా పెద్ద బోర్డు కనిపించింది. 'సరస్సు చుట్టూ నడకదారి. అయిదు కిలోమీటర్లు. పిల్లల బండ్లకు అనువైనది.' ఆ బోర్డు రాసినవాడికి పిల్లలున్నారో లేదో గాని, రెండు సీట్ల బండి మాత్రం లేదు. రెండు వందల గజాలు వెళ్ళారో లేదో, పశువులు దూరకుండా కట్టిన ఇరుకు గేటు ఎదురైంది. మెకానిక్ సంచిలోంచి టేపు తీసి కొలిచాడు. గేటు సందు డెబ్బై సెంటీమీటర్లు. బండి ఎనభై.

"మడిచేసి ఎత్తి అవతల పెట్టండి" అంది భార్య.

మడవడానికి ఏ మీట నొక్కాలో పళ్ళ డాక్టరుగారికే తెలియాలి. ఇతను అన్నీ నొక్కాడు. గొడుగు తెరుచుకుంది, బ్రేకు పడింది, తుర్రు చప్పట్లు కొట్టింది. బండి మాత్రం మడతపడలేదు. అప్పుడతను స్క్రూడ్రైవరు తీశాడు.

"అయ్యో, గేటు ఊడదీస్తారేంటండీ? ఎవరిదో ఏమో!"

"తినేస్తానా ఏంటి? తీసి మళ్ళీ పెట్టేస్తాను."

అన్నట్టుగానే గేటు స్తంభాన్ని ఊడదీసి, బండిని దాటించి, స్తంభాన్ని మళ్ళీ నిలబెట్టాడు. ఈసారి స్క్రూలు రెండు మిగిలాయి. వాటినీ స్క్రూడ్రైవరునీ జేబులో వేసుకుని, ఏమీ ఎరగనట్టు ఈల వేసుకుంటూ బండి తోశాడు.

అరకిలోమీటరు తర్వాత వాగు వచ్చింది. వాగంటే పెద్దదేం కాదు, దారికి అడ్డంగా పారే చిన్న పాయ. ముందురోజు వానకి అటూ ఇటూ బురదయింది. బండి చక్రాలు మొదట బెత్తెడు దిగాయి. అతను తోశాడు, మూరెడు దిగాయి. తుర్రుని ఎత్తి భార్యకి అందించి, సంచిలోంచి తాడు తీసి బండికి కట్టి, గట్టుమీద నిలబడి గుంజాడు. చక్రాలు కనబడకుండా పోయాయి.

"అల్లుడుగారూ, మీరు లాగేకొద్దీ అది లోపలికి పోతోంది" అంది అత్తగారు.

"లిఫ్టు కూడా మొదట్లో అలాగే చేస్తుందండీ. మనం మెత్తబడకూడదు."

అరగంట తర్వాత మెత్తబడింది అతని నడుము ఒక్కటే. భార్య జాలిపడి, "పోనీ వెనక్కి పోదామండీ, ఇంత దూరం వచ్చాంగా" అంది.

"వెనక్కా?" అన్నాడతను, తల్లి పేరు పెట్టి తిట్టినంత ఉడుక్కుని. "ఏడోసారి కూడా మధ్యలోంచి తిరిగిపోతే ఆ పిల్ల మొహం ఎలా చూడమంటావ్? బండి ఇక్కడే ఉండనీ, ఎవడెత్తుకుపోతాడు? మిమ్మల్ని ముందు షెల్టరు దగ్గర కూర్చోబెట్టి, ఏదైనా చెక్క సంపాదించుకుని వచ్చి దీన్ని లేపుతా."

తుర్రుని భుజాలమీద ఎక్కించుకున్నాడు. ఆ పిల్ల అతని జుట్టుని కళ్ళేలుగా పట్టుకుని, మడమలతో ఛాతీమీద తన్నుతూ, కనిపించిన ప్రతి పిట్టనీ "అదీ! అదీ!" అని చూపిస్తూ కిలోమీటరు దూరం స్వారీ చేసింది. ఆ కిలోమీటరు మాత్రం అతనికి నేలమీద నడిచినట్టు లేదు. సరస్సు ఒడ్డున రేకుల షెల్టరులో ముగ్గురినీ బెంచీమీద కూర్చోబెట్టాడు. షెల్టరు వెనక పడేసి ఉన్న పాత బెంచీ చెక్క ఒకటి భుజానికెత్తుకుని, "అరగంటలో వచ్చేస్తా" అని వాగు వైపు తిరిగాడు.

ఈలోగా వాగు దగ్గర ఏం జరిగిందో తర్వాత అందరూ తలా ఒక ముక్క చెప్పగా తెలిసింది. బాతులు మేపుకునే ఒకామె మందని తోలుకుంటూ అటు వచ్చింది. బురదలో ఖాళీగా ఉన్న పిల్లల బండి చూసి ఆమె గుండె గుభేలుమంది. ఒక సీట్లో బుల్లి చెప్పు ఒకటి ఉంది, తుర్రు కాలినుంచి జారినది. రెండో సీట్లో శాలువా, పళ్ళసెట్టు, ఒక సంచి. సంచిలో చేతితొడుగులు, టార్చిలైటు, సుత్తి, నల్ల టేపు. బండికేమో తాడు. ఆమె చీరకొంగు బిగించి, బాతులన్నీ ప్రేక్షకుల్లా చూస్తుండగా, ఒక్క ఊపున బండిని వెనకనుంచి పైకి లేపేసింది. మెకానిక్ అరగంట గుంజింది ముందువైపు నుంచి. ఆ బండిని నేరుగా గార్డు గదికి తోసుకుపోయింది. ఆ గది షెల్టరు వెనక చెట్ల అవతలే ఉంది గాని, దానికి దారి వేరు. బెంచీమీద కూర్చున్నవాళ్ళకి ఏమీ కనబడలేదు.

ఆ నడకదారికి కాపలా ఉండే గార్డు ఖాకీ బట్టలు రోజూ ఇస్త్రీ చేసుకునే మనిషి. పదకొండేళ్ళ సర్వీసులో ఆయన రిజిస్టరులో ఎక్కిన నేరాలు రెండే. గడ్డి తొక్కడం ఒకటి, బాతుని బెదిరించడం ఇంకొకటి. అలాంటి రిజిస్టరుకి ఇన్నాళ్ళకి పండగొచ్చింది. ఆయన బండి చుట్టూ తాడు కట్టి, 'సాక్ష్యం, ముట్టరాదు' అని అట్టమీద రాసి వేలాడదీసి, కలం విప్పాడు.

"సీట్లు రెండు కాబట్టి పిల్లలు ఇద్దరు. పక్కపక్క సీట్లు కాబట్టి కవలలు. శాలువా కాబట్టి ముసలమ్మ. పళ్ళు కూడా వదిలేసి పోయిందంటే ఎంత హడావిడిలో లాక్కుపోయారో పాపం. సుత్తి, తాడు, టేపు కాబట్టి దొంగ. బండి రంగు?"

బాతులామె బండిని ఎగాదిగా చూసింది. పైనుంచి కిందిదాకా బురద. "నలుపు" అంది.

మెకానిక్ చెక్క మోసుకుంటూ వాగు దగ్గరికి వచ్చేసరికి అక్కడ బురద ఉంది, బండి లేదు. పళ్ళ డాక్టరుగారికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ బురదలో చెయ్యిపెట్టి వెతుకుతుండగా, గార్డు ఈల ఊదుకుంటూ వచ్చాడు. వెనక బాతులామె, ఇద్దరు సైకిలువాళ్ళు, నడకకి వచ్చిన పదిమంది ఉన్నారు.

"ఏవండీ, ఇటు కవల పిల్లల్ని ఎవరైనా తీసుకుపోవడం చూశారా?" అన్నాడు గార్డు.

"కవలలా? లేదండీ. ఏమైంది?"

"ఎత్తుకుపోయారు. ఇద్దరు పిల్లల్నీ, వాళ్ళ ముసలమ్మనీ. నల్లబండి ఒకటి ఖాళీగా దొరికింది. దొంగ దగ్గర సుత్తులూ తాళ్ళూ ఉన్నాయి. పక్కా ప్లాను."

మెకానిక్ భుజం మీది చెక్క జారి కిందపడింది. "అయ్యో! మరి నా బండి కూడా పోయిందండీ! ఇందాక ఇక్కడే పెట్టాను. పసుపుపచ్చ బండి. రెండు సీట్లది!"

గుంపులో కలకలం రేగింది. గార్డు కళ్ళు మెరిశాయి. "రెండు సీట్లదా! అయితే ఇంకేం. నల్లబండి వదిలేసి, పిల్లల్ని మీ బండిలోకి మార్చి తోసుకుపోయాడన్నమాట. మనం నలుపు కోసం వెతుకుతుంటే వాడు పసుపులో జారుకుంటాడు."

"అందులో నా పనిముట్లు కూడా ఉన్నాయండీ!"

"ఆయుధాలు కూడా సంపాదించాడు" అని గార్డు రాసుకున్నాడు. "ఇంకో సంగతి. అక్కడ గేటు కూడా ఊడదీసి ఉంది. ఎవడో ముట్టుకోగానే స్తంభం పక్కకి ఒరిగిపోయింది. అదీ వాడి పనే."

మెకానిక్ చెయ్యి తనకి తెలియకుండానే జేబులోకి పోయింది. రెండు స్క్రూలూ వేళ్ళకి తగిలాయి. చెబుదామని నోరు తెరిచాడు. చెబితే, అసలు సంగతి వదిలేసి అందరూ గేటు మీద పడతారు. అక్కడ పసిపిల్లల ప్రాణాలు కొట్టుకుంటున్నాయి. గేటుదేముంది, తర్వాత బిగించొచ్చు. "ఎంత దుర్మార్గుడు!" అని మాత్రం అన్నాడు.

వెంటనే తన సొంత పిల్ల గుర్తొచ్చింది.  సైకిలువాణ్ణి పిలిచి, "బాబూ, అక్కడ షెల్టరులో మావాళ్ళు ఉన్నారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు తిరుగుతున్నాడు, పాపని వదలొద్దని చెప్పు. నేను ఇక్కడ సాయం చేసి వస్తానని చెప్పు" అన్నాడు. అతను వెళ్ళాక తలపాగాలా తువ్వాలు చుట్టి, గుంపుకి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవరి పిల్లలో మనకి తెలీదు. ఆ తల్లిదండ్రులు ఎంత బాధ్యత లేనివాళ్ళో, పిల్లల్ని వదిలేసి ఎటు తిరుగుతున్నారో, అదీ తెలీదు. అలాంటివాళ్ళని ముందు నాలుగు తన్నాలి. అది తర్వాత సంగతి. దొరికేదాకా మాత్రం ఎవ్వరూ వెనక్కి తిరగడానికి వీల్లేదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. బాతులామె కళ్ళు తుడుచుకుంది. ఇంత పట్టుదల గల మనిషి దొరకడం ఆ పిల్లల అదృష్టమని గార్డు అన్నాడు, అన్నమాటని రిజిస్టరులో కూడా రాశాడు.

గంటన్నర సేపు మెకానిక్ ఆ గుంపుని ఊపిరి తిప్పుకోనివ్వలేదు. వరస కట్టించి రెల్లుదుబ్బులన్నీ తట్టించాడు. ముళ్ళపొదల్లో తానే దూరాడు. నీటి అంచున బోర్లాపడుకుని పడవల కిందికి తొంగిచూశాడు. చొక్కా రెండుచోట్ల చిరిగింది, మోకాలు దోక్కుపోయింది. ఎవరైనా "కాస్త కూర్చుందామండీ" అంటే, "మీ పిల్లలే అయితే కూర్చుంటారా?" అని గద్దించాడు.

అవతల షెల్టరుకి వార్త వెళ్ళడం వెళ్ళింది గాని, నేరుగా వెళ్ళలేదు. సైకిలువాడికి దారిలో గాలిపోయింది. అతను ఎదురొచ్చిన ఆయనకి చెప్పాడు. ఆయన చేపలు పట్టే ఇంకొకాయనకి చెప్పాడు. గాలం భుజాన వేసుకుని వచ్చిన ఆ మూడో ఆయన, బెంచీ ముందు నిలబడి వగరుస్తూ ఇలా అన్నాడు.

"అమ్మా, మీ ఆయన్నెవరో ఎత్తుకుపోయారట. పాపని వదిలితేగాని ఆయన్ని వదలరట."

ఫార్మసిస్టు నిలువునా లేచింది. అత్తగారు మాత్రం చేతికర్ర ఎత్తి, "ఆగండి. లైను సరిగ్గా లేదు. మీకెవరు చెప్పారు? ఆయనకెవరు చెప్పారు? మొదటినుంచి చెప్పండి" అని గాలం ఆయన్ని షెల్టరు మూలకి లాక్కుపోయి విచారణ మొదలుపెట్టింది. "అమ్మా, పాపని చూస్తుండు!" అని కేకేసి కూతురు వాగువైపు పరుగెత్తింది. ఆ కేక అత్తగారికి వినబడలేదు. పిల్ల తల్లి చంకలోనే ఉందనుకుంది. తల్లి, పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉందనుకుంది. బెంచీమీద ఉన్న పిల్ల ఇద్దర్నీ చూసింది. ఎవరి చెయ్యీ తనమీద లేదని తేల్చుకుంది.

వెతికి వెతికి అలసిన గుంపు మధ్యాహ్నం ఒంటిగంటకి గార్డు గదికి చేరుకుంది. గార్డు పై ఆఫీసుకి రాయడానికి కలం తీస్తుండగా వాగు దగ్గర ఎవరూ కనబడక ఫార్మసిస్టు జుట్టు విరబోసుకుని ఎదురుగా పరుగెత్తుకుంటూ వచ్చింది. భర్తని చూడగానే రెండు చేతులా అతని చిరిగిన చొక్కా పట్టుకుంది.

"తప్పించుకున్నారా? ఎలా తప్పించుకున్నారు? దెబ్బలు కూడా కొట్టారా?"

"నన్నెవరు కొట్టారు? నేను వెతుకుతుంటేనూ! నువ్వేంటి ఇక్కడ? పాప ఏది?"

"అమ్మ దగ్గరుంది."

అదే సమయానికి చెట్లమధ్య నుంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. అత్తగారు వచ్చింది. ఆమె ఒక చేతిలో కర్ర ఉంది. రెండో చేతిలో ఏమీ లేదు.

"పాప ఏదమ్మా?" అంది కూతురు.

"నీ దగ్గర లేదూ?" అంది తల్లి.

   ఇందాకటి నుంచి మెకానిక్ గుంపుకి చెప్పినవన్నీ, బాధ్యత లేని తల్లిదండ్రుల గురించీ నాలుగు తన్నడం గురించీ, ఒక్కొక్కటే తిరిగొచ్చి అతని చెవుల్లో పడ్డాయి. భార్య అతని చొక్కా వదల్లేదు. 

"మూడో పాపా?" అన్నాడు గార్డు, పేజీ తిప్పుతూ. "వయసు?"

 మెకానిక్ నాలుగడుగులు ముందుకు వేశాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఏ వైపు పరుగెత్తాలో తెలియలేదు. గంటన్నర సేపు ఎవరికి ఎటు వెళ్ళాలో చెప్పిన మనిషికి ఇప్పుడు తన కాళ్ళకి చెప్పుకోవడం చేతకాలేదు. కళ్ళు తిరిగినట్టయి, పక్కనున్న తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"సాక్ష్యం! ముట్టరాదు!" అని గార్డు అరిచాడు.

అతను చూశాడు. నల్లటి బండి, రెండు సీట్ల వెడల్పు. ఎండకి బురద బీటలువారి అక్కడక్కడా పెచ్చులు రాలింది. రాలినచోట నిమ్మపండు రంగు మెరుస్తోంది. చక్రం దగ్గర తను కట్టిన తాడే, తన చేతి ముడే. బండి పక్కన దించిపెట్టిన తన సంచి.

"ఇది నా బండి" అన్నాడు మెల్లగా.

"మీది పసుపుపచ్చ అన్నారు కదా?"

"ఇదే పసుపుపచ్చ" అని గోటితో గీకి చూపించాడు.

గార్డు బండి వంక చూశాడు, అతని వంక చూశాడు, రిజిస్టరు వంక చూశాడు. "మరి కవలలు?"

"కవలలు లేరు. ఎప్పుడూ లేరు. మాకు ఉన్నది ఒక్కతే పిల్ల. ఇందాక మీరంతా వెతికింది..." అంటూ గుంపు వైపు తిరిగి, ఆ మాట పూర్తి చెయ్యలేకపోయాడు. గుంపులోవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒకాయన చొక్కా చేతులు పైకి మడుచుకోవడం మొదలుపెట్టాడు.

"తర్వాత కొట్టండి" అన్నాడు మెకానిక్.  "ఎంతమందైనా కొట్టండి. ముందు నా పిల్లని వెతకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. నిజంగా పోయింది ఇప్పుడే."

చేతులు మడుచుకున్నాయన వాటిని దించేశాడు. బాతులామె అప్పటికే కొంగు బిగించింది. ఒక్క మాట ఎదురాడకుండా పదిమందీ పది వైపులకి బయల్దేరబోతుండగా, అత్తగారు కర్ర ఎత్తింది.

"ఉష్. ఎవ్వరూ మాట్లాడకండి. లైన్లో ఎవరో ఉన్నారు."

అందరూ చెవులు రిక్కించారు. సన్నటి చప్పుడు వినిపించింది. పిల్లి గురక లాగా, మూసిన తలుపు వెనక రంపం తిరుగుతున్నట్టు. బండి దగ్గర్నుంచే.

మెకానిక్ తాడు దాటి వంగాడు. అతను పొద్దున గేటు దగ్గర తెరిచిన గొడుగు ఇప్పుడు కిందికి వాలి సీట్లని కప్పేసి ఉంది. దాన్ని ఎత్తాడు. కుడి సీట్లో, శాలువా మెడదాకా లాక్కుని, పోయిన చెప్పుని తొడుక్కునే ప్రయత్నంలో చేతికి తొడుక్కుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది తుర్రు. చెట్లమధ్య నుంచి వచ్చి, తన బండి కనబడగానే తాడు కింద దూరి ఎక్కేసి ఉంటుంది. రిజిస్టరులో ఖాళీ బండి అని రాసిపెట్టి ఉంది కాబట్టి అందులోకి ఎవరూ తొంగిచూడలేదు.

అతను ఎత్తుకుంటే ఆ పిల్ల కళ్ళు తెరవకుండానే అతని జుట్టు దొరకబుచ్చుకుంది. ఫార్మసిస్టు ఇద్దర్నీ కలిపి వాటేసుకుని ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత భర్త వీపుమీద రెండు గుద్దులు గుద్దింది. గుంపు తరఫున కూడా అవే చాలనిపించి కాబోలు, చొక్కా చేతులాయన ముందుగా నవ్వేశాడు. తర్వాత అందరూ నవ్వారు. నవ్వనివాడు గార్డు ఒక్కడే.

"ఫిర్యాదు ముగించాలి" అన్నాడాయన కలం సరిచూసుకుని. "ముసలమ్మ?"

"నేనే. నేనెప్పుడూ తప్పిపోలేదు. ఆ డబ్బాలోవి స్పేరు పళ్ళు" అంది అత్తగారు.

"లభ్యం. దొంగ?"

"నేనే అనుకుంటానండీ" అన్నాడు మెకానిక్.

"లభ్యం. గేటు?"

అతను జేబులోంచి రెండు స్క్రూలూ తీసి బల్లమీద పెట్టాడు. గార్డు వాటిని చాలాసేపు చూసి, వేరే కాగితంలో పొట్లం కట్టించి, పోయి బిగించి రమ్మన్నాడు. తర్వాత అసలు గడి దగ్గరికి వచ్చాడు. "పిల్లలు. తప్పిపోయినవారు ఇద్దరు. దొరికినవారు ఒకరు."

"ఉన్నదే ఒకతి కదండీ!"

"అది మీరు ఇప్పుడు చెబుతున్న మాట. ఇక్కడ ఇద్దరని రాసి ఉంది. సిరాతో రాశాను. కొట్టివేతలు పనికిరావు."

పావుగంట బతిమాలినా ఆయన దిగిరాలేదు. చివరికి వాళ్ళు ఆ గడి ఆయనకే వదిలేసి బయటపడ్డారు. మిగిలిన మూడు కిలోమీటర్లూ నడవాల్సిందేనన్నాడు మెకానిక్. ఈసారి భార్య వెనక్కి పోదామని అనలేదు. బాతులామె వాళ్ళతో కొంతదూరం వచ్చి, బురదలోంచి బండిని ఎటునుంచి లేపాలో అతనికి చూపించింది. చుట్టు పూర్తిచేసి వచ్చి గేటు దగ్గర స్క్రూలు బిగించాక ఒక్కటి కూడా మిగల్లేదు.

పదోరోజున రిజిస్టర్డు పోస్టులో కవరు వచ్చింది. మెకానిక్ చించి పైకి చదివాడు. 'సదరు కవలలలో ఒకరు మాత్రమే లభ్యమైనందున, రెండవ బిడ్డను ఈ నోటీసు అందిన ముప్పై రోజులలోగా ఈ కార్యాలయమునందు హాజరుపరచవలసినది. లేనియెడల తగు చర్య తీసుకొనబడును.'

అతను కుర్చీలో కూలబడి, "ఇప్పుడేం రాయమంటావ్ వీళ్ళకి?" అన్నాడు.

ఫార్మసిస్టు కాగితం తీసుకుని, మోతాదు సరిచూసినంత శ్రద్ధగా మొదటినుంచి చివరిదాకా చదివి తిరిగి ఇచ్చేసింది.

"ముప్పై రోజుల్లో కుదరదు, తొమ్మిది నెలలు గడువు కావాలని రాయండి."